'ఎవ్రిథింగ్ మస్ట్ ఫాల్': ఒక పరిశీలన

రెహాద్ దేశాయ్ 2018లో తీసిన ఈ డాక్యుమెంటరీ చిత్రమును మనవారిలో చూచినవారు తక్కువ. చూచిన కొందరు కూడ 'అది నల్లవారి పిల్లల గొడవ, మనకెందుకు?' అని ఊరకున్నారు. ఆ మాట మాకు నచ్చలేదు.

2015 అక్టోబరులో జొహానెస్‌బర్గులోని విట్స్ విశ్వవిద్యాలయము మరుసటి ఏటికి ఫీజు 10.5 శాతము పెంచదలచెను. విద్యార్థులు గేట్లు మూసి కూర్చున్నారు. ఉద్యమము దేశమంతట పాకెను. అక్టోబరు 23న అధ్యక్షుడు జూమా 2016కు పెంపు లేదని ప్రకటించెను. 2016లో మరల గొడవ. ఈసారి ఆవరణలో పోలీసులు, రబ్బరు తూటాలు. వైస్‌ఛాన్సలర్ ఆడమ్ హబీబ్ కూడ ఒకనాడు వర్ణవివక్షపై పోరాడిన విద్యార్థియే. దర్శకుడు ఆయనను దుష్టపాత్ర చేయక మాటాడనిచ్చెను, అది మెచ్చదగినది. డబ్బు లేదన్న ఆయన వాదము, చదువు హక్కన్న పిల్లల వాదము ఎదురెదురుగా నిలిచి చూచువారినే తీర్పు చెప్పుమనుచున్నవి. మా తీర్పు పిల్లల పక్షము.

వారు కోరినది ఫీజు మాట ఒకటే కాదు. ఆవరణ ఊడ్చువారు, కావలివారు కాంట్రాక్టర్ల చేతిక్రింద తక్కువ కూలికి పనిచేయుచుండిరి. వారిని విశ్వవిద్యాలయమే నేరుగా పనిలోనికి తీసికొనవలెనని కూడ పట్టుబట్టిరి. 1860 మొదలు కాంట్రాక్టుపై నటాల్ చెరకుతోటలకు వచ్చినవారి సంతతికి ఈ కోరిక విడమరచి చెప్పవలెనా?

మాకు తోచిన లోపము, కెమెరా విట్స్‌ను విడువదు. మన వెస్ట్‌విల్ కథ ఇంకను పాతది. 2000 మే నెలలో డర్బన్-వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయములో, ఫీజు కట్టలేని విద్యార్థులను తొలగించుటపై జరిగిన నిరసనలో మైకేల్ మఖబానె అను విద్యార్థి పోలీసు కాల్పులకు మరణించెను. అప్పటికే అక్కడ తెలుగు పోయినది. భారతీయులను వేరుచేయుటకు వర్ణవివక్ష ప్రభుత్వము 1961లో సాలిస్‌బరీ దీవిలో పెట్టిన కళాశాలయే పెరిగి ఆ విశ్వవిద్యాలయమైనది. మన పెద్దలలో చాలమంది దానిని ఏవగించుకొనిరి. అయినను మన భాషకు చోటు దొరికినది అక్కడనే. స్వాతంత్ర్యము వచ్చిన పిదప, 1990ల చివర, చేరువారు తక్కువని లెక్క చూపి ఆ బోధన మూసిరి. (తమిళము, హిందీ కూడ తప్పించుకొనలేదు.) పేదవాని ఫీజు బాకీ, తెలుగు తరగతిలోని తలల లెక్క, రెండును ఒకే చిట్టాలోనివి.

2017 డిసెంబరులో, ఏటా 3,50,000 రాండ్ల లోపు ఆదాయముగల కుటుంబముల పిల్లలకు పైచదువు ఉచితమని ప్రకటించిరి. అంతకు కొంచెము మించిన గుమాస్తాల, ఉపాధ్యాయుల ఇండ్లకు అప్పే గతి. అట్టి ఇండ్లు మన సంఘములో ఎన్నో. వారాంతపు తెలుగు తరగతులలోని పెద్ద పిల్లలకు ఈ చిత్రము తప్పక చూపవలెను. పోలీసుల దృశ్యములు కఠినము, చిన్నవారికి వద్దు.