రెండు మంచు చిట్టాలు

జపాన్‌లోని నగానో ప్రాంతంలో సువా అనే సరస్సు ఉంది. సముద్రమట్టానికి దాదాపు 760 మీటర్ల ఎత్తున ఉంటుంది. చలి గట్టిగా పెట్టిన ఏడు అది ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా గడ్డకట్టుకుపోతుంది. రాత్రి చలికి ఆ గడ్డ ముడుచుకుని పగులుతుంది. పగుల్లోకి ఎక్కిన నీళ్లు కూడా గడ్డకడతాయి. పొద్దెక్కాక గడ్డ సాగబోతే చోటు చాలదు. అంచులు ఒకదాన్నొకటి నెట్టుకుని పైకి లేస్తాయి. నీటి మీద వంకర టింకరగా ఒక మంచు గట్టు మొలుస్తుంది. అది మొలిచేటప్పుడు వచ్చే చప్పుడు ఊళ్లోకి వినిపిస్తుందట. ఈ ఒడ్డున గుడిలో ఉన్న దేవుడు ఆ ఒడ్డున ఉన్న దేవేరిని చూడటానికి నడిచి వెళ్లిన దారి అది అని అక్కడివాళ్ల నమ్మకం. దాని పేరు ఒమివతారి. సరస్సు ఎప్పుడు గడ్డకట్టిందీ, దేవుడు ఎప్పుడు దాటిందీ షింటో పూజారులు 1443 నుంచి రాసి పెడుతున్నారు.

ఇక్కడికి చాలా దూరంలో, స్వీడన్‌కూ ఫిన్లాండ్‌కూ ఇప్పుడు సరిహద్దుగా ఉన్న టోర్నె నది ఒడ్డున, ఊలోఫ్ ఆల్‌బోమ్ అనే వర్తకుడు 1693లో ఇంకో చిట్టా మొదలుపెట్టాడు. ఆయనకు ఏ దేవుడి దారితోనూ పని లేదు. నది మీద మంచు ఏ రోజు విరిగి కదిలితే ఆ రోజు నుంచి పడవలు, సరుకు, బేరం. అందుకని ఆ తేదీ రాసుకున్నాడు. ఆయన తర్వాత మరొకరు, వాళ్ల తర్వాత ఇంకొకరు రాస్తూ వచ్చారు.

చలి పెట్టని చలికాలం వచ్చినప్పుడల్లా అందరం అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది గ్లోబల్ వార్మింగ్ వల్లనేనా? ఆ ప్రశ్నకు సాక్ష్యం చెప్పగల రాతలు ప్రపంచంలో కొద్దిగానే ఉన్నాయి. వాటిలో నాకు ఎక్కువ ఇష్టమైనవి ఈ రెండూ. సాక్షులు ఇద్దరూ నిజమే చెబుతున్నా, ఒకే మాట చెప్పరు. ఆ తేడా దగ్గరే నేను ఎక్కువసేపు ఆగుతాను.

ముందు సాక్ష్యం కానిదాన్ని పక్కన పెడదాం. 2015 ఫిబ్రవరి 26న ఓక్లహోమా సెనెటర్ జేమ్స్ ఇన్‌హోఫ్ అమెరికా సెనేట్‌లోకి ఒక మంచు ముద్ద తెచ్చాడు. బయట ఇంత చలి ఉంటే భూమి వేడెక్కడం ఏమిటన్నది ఆయన వాదం. వాషింగ్టన్‌లో ఆ రోజు చలి నిజమే. కానీ అదే చలికాలం ఆ దేశపు పడమటి వైపు ఎంత వెచ్చగా గడిచిందంటే, ఏప్రిల్ 1 నాటికి కాలిఫోర్నియా సియెర్రా కొండల మీద మంచు నిల్వ మామూలులో 5 శాతమే మిగిలింది. ఆ ఏడాది మొత్తం లెక్క చూస్తే, అప్పటిదాకా కొలిచిన వాటిలో భూమికి అదే అత్యంత వేడి సంవత్సరం. ఒక్క వెచ్చటి జనవరిని పట్టుకుని అంతా తేలిపోయిందనేవాళ్లు నాకు దగ్గరివాళ్లే, వాళ్ల ఆందోళన నాదీ. అయినా వాళ్లు చేసేది కూడా మంచు ముద్ద వాదమే.

ఇప్పుడు చిట్టాలకు వద్దాం. సువా రాతల్లో మొదటి 250 ఏళ్లలో సరస్సు గడ్డకట్టని సంవత్సరాలు మూడే మూడు. 1955 నుంచి 2004 వరకు యాభై ఏళ్లలో పన్నెండు. ఆ తర్వాతి పదేళ్లలో అయిదు. టోర్నెలో మే నెల మొదట్లోనో అంతకు ముందో మంచు విరిగిన సంవత్సరాలు 1693 నుంచి 1999 దాకా నాలుగు. 2000 తర్వాత 2013 లోపే అయిదు. ఒకరినొకరు ఎరగని మనుషులు, వేరు వేరు అవసరాలతో, భూగోళం రెండు మూలల్లో రాసిన లెక్కలు ఒకే వైపు మొగ్గుతున్నాయి. దీన్ని కాకతాళీయం అనడానికి నాకు నోరు రాదు.

అయితే వేగం చూడండి. ఈ రెండు చిట్టాలనూ కలిపి చదివిన పరిశోధకులు 2016లో ఒక లెక్క ప్రచురించారు. 1443 నుంచి 1683 దాకా సువా గడ్డకట్టే తేదీ పదేళ్లకు 0.19 రోజు చొప్పున వెనక్కి జరిగింది. అంటే దాదాపు కదలనట్టే. పారిశ్రామిక విప్లవం తర్వాత అది పదేళ్లకు 4.6 రోజులు. ఇరవై నాలుగు రెట్లు! టోర్నెలో మంచు విరిగే తేదీ ముందుకు జరిగే వేగం మాత్రం రెట్టింపే అయింది. మొదటి అంకె ఎవరి కళ్లనైనా ఇట్టే పట్టేస్తుంది. నేనైతే రెండో అంకెనే ఎక్కువ నమ్ముతాను.

ఎందుకంటే సువా అంచున నిలబడ్డ సరస్సు. అక్కడి చలి నీళ్లు గడ్డకట్టడానికి బొటాబొటిగా సరిపోయే చలి. రెండు డిగ్రీలు పెరిగితే గడ్డ ఆలస్యం కావడం కాదు, అసలు కట్టడమే మానేస్తుంది. టోర్నె ఉత్తర ధ్రువవలయం పక్కది. రెండు డిగ్రీలు పెరిగినా అక్కడ గడ్డకట్టడం ఆగదు, తేదీ కాస్త జరుగుతుంది, అంతే. కాబట్టి ఇరవై నాలుగు రెట్లు అన్నది భూమి వేడెక్కిన కొలత కాదు, సువా ఎంత సున్నితమైన చోట ఉందో చెప్పే కొలత. పైగా దాని చుట్టూ ఊళ్లు పెరిగాయి, వేడినీటి ఊటలున్న ప్రాంతం కూడా. పదిహేడో శతాబ్దం చివరి నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదటి దాకా ఉన్న రాతలు నిలకడగా లేవని పరిశోధకులే వాటిని పక్కన పెట్టారు. టోర్నెకు ఇలాంటి చిక్కులు తక్కువ. కానీ దానికీ ఒక లోటుంది. మంచు విరగడం వసంతం చేసే పని. ఆ తేదీ ఏప్రిల్, మే నెలల మాటే ఎక్కువ చెబుతుంది, నడి చలికాలం గురించి కాదు. నడి చలికాలం సంగతికి మళ్లీ సువా దగ్గరికే వెళ్లాలి.

ఒక్క చలికాలాన్ని విడిగా తీసి చూస్తే? 2019-20 యూరప్‌కు కొలతల్లోకెల్లా వెచ్చటి చలికాలం. 1981-2010 సగటు కంటే 3.4 డిగ్రీలు ఎక్కువ. కొత్త సంవత్సరం వేడుకలకు మాస్కో నడిబొడ్డుకు లారీల మీద కృత్రిమ మంచు తోలారు. తీగ మీదే గడ్డకట్టిన ద్రాక్షతో చేసే ఐస్ వైన్ జర్మనీలో ఆ పంటకు ఒక్క ప్రాంతంలోనూ తయారు కాలేదు. దానికి మైనస్ 7 డిగ్రీలన్నా కావాలి. ఆ చలి ఎక్కడికి పోయింది? ధ్రువం చుట్టూ తిరిగే గాలులు ఆ ఏడు అసాధారణంగా బిగిశాయి. చలిని ఉత్తరానే కట్టేసి, అట్లాంటిక్ వెచ్చదనాన్ని యూరప్ మీదికి తోలాయి. ఆ గాలులు ఇంకో ఏడు వదులైతే అదే యూరప్ వణుకుతుంది. మరి భూతాపం వాటా? ఆ గాలులు వీచిన నేల, వాటి దారిలోని సముద్రం ముందే వేడెక్కి ఉన్నాయి. ఇవే గాలులు వందేళ్ల కిందట వీచి ఉంటే వెచ్చటి చలికాలమే వచ్చేది, రికార్డు వచ్చేది కాదు. ‘ఇది వార్మింగ్ వల్లా, వాతావరణం వల్లా’ అని ఒకటే ఎంచుకోమనడం, వరద వానవల్ల వచ్చిందా నిండు చెరువువల్ల వచ్చిందా అని అడిగినట్టుంటుంది.

మన దగ్గరా ఒక చిట్టా ఉంది, కాగితం మీద కాదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మా నాయనమ్మ ఆ రాత్రి జాగారం చేస్తూ, దుప్పటి భుజాల మీంచి జారవిడుస్తూ అనేది. ఆ మాటలో తరాల పరిశీలన ఉంది. కానీ మహాశివరాత్రి చాంద్రమానం మీద నడిచే పండగ. ఒక ఏడు ఫిబ్రవరి నడిమిలో వస్తే, ఇంకో ఏడు మార్చిలో వస్తుంది. సామెతకు దాదాపు నెల రోజుల వెసులుబాటు. చలి సంక్రాంతికే వెళ్లిపోయిన ఏడు కూడా మనం అదే మాట అనుకుని దుప్పటి మడిచేశాం. ఏ ఏడు తప్పిందో ఎవరం రాసుకోలేదు. సువా పూజారులదీ మొదట చాంద్రమాన పంచాంగమే. అయినా తేదీ వేసి రాశారు కనుక, ఇవాళ దాన్ని మన క్యాలెండర్‌లోకి మార్చి లెక్క తీయగలిగారు.

టోర్నె చిట్టాలో ఒక ఖాళీ ఉంది. 1715 నుంచి 1721 దాకా ఏడేళ్లు. రష్యా సైన్యం వచ్చిపడితే ఆల్‌బోమ్ ఊరు విడిచి పారిపోయాడు. ఆ ఏడేళ్లూ నది గడ్డకట్టింది, విరిగింది, చూసి రాసేవాడు లేడు.

సువాలో 2018 తర్వాత, 2019 నుంచి 2025 దాకా వరసగా ఏడు చలికాలాలు ఒమివతారి లేవలేదు. జనవరి మొదలయ్యాక పూజారి, ఆయన వెంట ఊరివాళ్లు రోజూ తెల్లవారకముందే ఒడ్డుకు చేరారు. నీటిలోకి థర్మామీటర్ దించారు. రేకులాంటి మంచు కనపడితే మందం చూశారు. ఫిబ్రవరి మొదట్లో గుడికి వెళ్లి, ఈ ఏడు సరస్సు తెరుచుకునే ఉంది అని రాశారు. ఏడేళ్లలో ఒక్క ఏడూ రాయకుండా వదల్లేదు.