జాలరి నవల: శాపము, లెక్క

భారతీయ భాషలలో మత్స్యకారుల జీవితము ఇతివృత్తముగా గల నవలలు సంఖ్యకు కొద్దివే. ఐనను వానిలో కొన్ని తమ భాష యెల్లలు దాటి దేశమంతట పాఠకులను సంపాదించుకొన్నవి. తకళి శివశంకర పిళ్ళ మలయాళమున వ్రాసిన ‘చెమ్మీన్’ (1956), అద్వైత మల్లబర్మన్ వంగభాషలో వ్రాసిన ‘తితాష్ ఏక్‌టి నదీర్ నామ్’ (1956), జో డి క్రూజ్ తమిళమున వ్రాసిన ‘ఆళి సూళ్ ఉలగు’ (2004) ఇట్టివి. ఈ మూడును మార్పును గూర్చిన నవలలే. పడవ మారును, వల మారును, నది మారును. వానితోపాటు మనిషికిని మనిషికిని నడుమ గల కట్టుబాటును మారును. ఆ మార్పు ఎచ్చటనుండి వచ్చినదని రచయిత తలచినాడో, దానిని బట్టియే నవల విలువ ఏర్పడుచున్నది. మార్పును విధిగా, శాపముగా చూచుట ఒక పద్ధతి. దానిని అప్పులు, వాటాలు, నిర్ణయములు గల మానవ వ్యవహారముగా చూచుట మరియొక పద్ధతి. మొదటిది కంట తడిపెట్టించును. రెండవది తెలివిడి కలిగించును. ఒక గొప్ప రచనలో రెండును ఉండవచ్చును. కాని రెండవది లేనిచో జాలరి నవలలో మనిషిగా గాక, కడలి యొడ్డున నిలిపిన అలంకారముగా మిగిలిపోవును.

‘చెమ్మీన్’ ఈ రెండు పద్ధతులును కలిసిన రచన. 1957లో సాహిత్య అకాడెమీ పురస్కారమును పొంది, 1965లో రాము కార్యాట్ చిత్రముగా మరింత ప్రసిద్ధి కెక్కిన ఈ నవలను లోకము ప్రేమకథగానే జ్ఞాపకముంచుకొన్నది. కడలమ్మ సాక్షిగా తీరమున ఒక విశ్వాసము కలదు: నడిసంద్రమున నున్న మగవాని ప్రాణము ఒడ్డుననున్న ఇల్లాలి శీలముపై ఆధారపడియుండును. కరుత్తమ్మ మనసు పరీకుట్టిపై నుండగా ఆమెకు పళనితో వివాహమగుట, తుదకు ముగ్గురును నశించుట, ఈ విశ్వాసపు వెలుగులో విధివిలాసముగా తోచును. ఆ విశ్వాసము ఆ తీరమున నిజముగా అంత బలమైనదా యను వాదము కలదు. ఐనను నవలకు అది కట్టిన కట్టడము దృఢమైనదే. విమర్శకులలో పెక్కుమంది ఆ కట్టడమునే చూచి, దాని పునాదిని చూడకుండ విడిచినారు.

ఆ పునాది ఒక పడవ. చెంబన్‌కుంజు ఇతరుల పడవలలో కూలికి పోవు మనిషి. సొంత పడవ, సొంత వల కావలెనని అతని కోరిక. పడవ కొనుటకు అందరికిని అర్హత లేదని, తీరపు పెద్దకు కానుక చెల్లించవలెనని ఆచారము. చెంబన్‌కుంజు ఆ ఆచారమును లక్ష్యపెట్టడు. అతనికి తక్కువపడిన ధనమును సమకూర్చినవాడు చిన్న వర్తకుడైన పరీకుట్టి. ఆ బాకీ సకాలమున తీరలేదు. పరీకుట్టి వ్యాపారము చితికిపోయినది. ఈ వరుసలో చూచినపుడు, కరుత్తమ్మ మోసిన భారము ప్రేమ యొక్కటే కాదు. తండ్రి తీర్చని ఋణము కూడ. పరీకుట్టి యెదుట ఆమె తల యెత్తలేకపోవుటకు సగము కారణము ఆ బాకీయే. తల్లి చక్కికి ఆ సంగతి తెలియును; ఆమె గట్టిగా అడుగును; భర్త వినడు. ఇట్లు ధనము చేసిన ద్రోహమును నవల తుదకు స్త్రీ శీలము ఖాతాలో వ్రాసినది. తకళి ప్రతిభ యేమనగా, అతడు ఖాతా మార్చినను అసలు లెక్కను చెరిపివేయలేదు. శ్రద్ధగా చదువువారికి అది ప్రతి ప్రకరణమునను కన్పించును. అంబలప్పుళలో న్యాయవాదిగా పనిచేసిన రచయితకు పత్రములలోను, బాకీలలోను మనుష్యుల బ్రతుకు ఎట్లు చిక్కుకొనునో తెలియకుండుట అసంభవము.

ఈ నవల పేరు విషయమున చరిత్ర ఒక విచిత్రము చేసినది. చెమ్మీన్ అనగా రొయ్య. నవల వెలువడుటకు కొలదికాలము ముందు, 1952లో, భారతదేశము, నార్వే, ఐక్యరాజ్యసమితి కలిసి ఒక ఒడంబడిక చేసికొన్నవి. దాని ఫలితముగా కొల్లము చెంత నీండకర ప్రాంతమున మరపడవలు, ఐసు కర్మాగారము వచ్చినవి. ఆ పథకపు తొలి ఉద్దేశము జాలరుల ఆహారమును, ఆదాయమును మెరుగుపరచుట. కాని ఆ దశకముననే గడ్డకట్టిన రొయ్యకు అమెరికాలో గిరాకి యేర్పడినది. అంతవరకు ఎండబెట్టి బర్మాకు పంపిన సరకు బంగారమైనది. సముద్రపు అడుగును ఈడ్చు ట్రాలు వలలు విస్తరించినవి. వాని యజమానులలో తీరమున పుట్టనివారు పెక్కుమంది చేరినారు. చిన్న పడవల జాలరులు దశాబ్దములపాటు పోరాడిన మీదట 1988లో కేరళ ప్రభుత్వము వర్షకాలమున ట్రాలింగును నిషేధించినది. చెంబన్‌కుంజు ఒక పడవతో ఆరంభించిన కథను ట్రాలరు ముగించినదన్నమాట. రొయ్య పేరు పెట్టుకొన్న నవల, రొయ్య తెచ్చిన పెనుమార్పునకు గుమ్మములో నిలిచిపోయినది. ఇది రచయిత దోషము కాదు. కాని తరువాతి రచయితలు గుమ్మము దాటక అచ్చటనే నిలిచి కడలమ్మకు మ్రొక్కుచుండుట దోషమే. ఆ ఆలప్పుళ తీరమున జాలరులు మాత్రము నిలువలేదు. 1980 తరువాత వారు పడవలకు మోటార్లు బిగించిరి; పలువురు కలిసి వాటాలు వేసికొని పెద్ద రింగువలలు కొనిరి. ఒంటరి చెంబన్‌కుంజు స్థానమున ఉమ్మడి చెంబన్‌కుంజులు పుట్టిరి. అందులోని ఋణములు, కలహములు, స్నేహములు ఒక నవలకు చాలినంత సామగ్రి.

లోపలివాడు వ్రాసిన నవల ఎట్లుండునో తెలిసికొనుటకు వంగదేశమునకు పోవలెను. అద్వైత మల్లబర్మన్ తితాష్ ఒడ్డున మాలో కులమున పుట్టి, కలకత్తాలో పత్రికా రచయితగా జీవించి, 1951లో మరణించెను. అతని నవల గ్రంథరూపమున వెలువడుటను అతడు చూడలేదు. ఇది సముద్రపు కథ కాదు, నది కథ. ఐనను మార్పును గూర్చి ఇది చెప్పునది ఏ తీరమునకైనను వర్తించును. ఇందు నదికి ఇసుక మేట వేయును. మేటపై నేల తేలును. తేలిన నేల జాలరిది కాదు. కఱ్ఱబలము గలవాడు దానిని ఆక్రమించును. నీరు ఉమ్మడి సొత్తు, నేల సొంత ఆస్తి: ఈ ఒక్క భేదమున ఒక జాతి తుడిచిపెట్టుకొనిపోవును. నది యెండుటకు ముందే పట్నమునుండి వచ్చిన జాత్రా నాటకములు మాలోల పాటలను, వానితోపాటు వారి ఐకమత్యమును సడలించినవని రచయిత చూపును. నది వెలుపల ఎండుటకును, సంఘము లోపల ఎండుటకును గల సంబంధమును ఇంత సూక్ష్మముగా పట్టిన రచన అరుదు. ఇందు శాపము లేదు. దుఃఖము ఎక్కువే, కాని దానికి కారణములు కలవు.

జో డి క్రూజ్ నవల మరియొక మెట్టు. పదునారవ శతాబ్దమున క్రైస్తవమును స్వీకరించిన తిరునెల్వేలి తీరపు పరదవుల మూడు తరముల జీవితమును, 1933 మొదలు 1985 వరకు, అతడు చిత్రించెను. రచయిత ఆ తీరపు ఉవరి గ్రామమున పుట్టినవాడు. కట్టుమరమునుండి మరపడవకు జరిగిన ప్రయాణము ఇందు ఉపన్యాసముగా గాక పనిగా కన్పించును. గాలి పేర్లు, నీటి పేర్లు, త్రాళ్ళ పేర్లు, చేపల పేర్లు తీరపు మాటలలోనే వచ్చును; ఆ మాట తెలియని పాఠకుడు తడబడినను రచయిత ఆగడు. ఇది పాండిత్య ప్రదర్శనము కాదు. సముద్రమును ఎరిగియుండుట యనగా దాని మాటలను ఎరిగియుండుటయే. ఒక పరికరము పోయినపుడు దానితో కూడ ఒక పదజాలము పోవును. ఆ పదజాలముతో కొంత విజ్ఞానమును పోవును. నష్టమును గూర్చి వాపోవుటకంటె, నష్టమగుచున్న దానిని పేరుపెట్టి చెప్పుట బలమైన సాహిత్య కార్యమని ఈ నవల నిరూపించుచున్నది.

ఈ మూడు నవలలును వేటను గూర్చినవి. తెలుగు జాలరుల వాడుకలో చేపలు పట్టుటకు వేట యని పేరు. గత నాలుగు దశాబ్దములలో తీరమున ఆ మాట ప్రక్కకు మరియొక మాట వచ్చి చేరినది: సాగు. వేటకు సముద్రము కావలెను. సాగుకు చెరువు, పిల్ల, మేత, కరెంటు, పెట్టుబడి కావలెను. 1990ల ఆరంభమున ఆంధ్ర తీరమున టైగరు రొయ్యల చెరువులు విరివిగా లేచినవి. నెల్లూరు మొదలగు చోట్ల మంచినీటి బావులు ఉప్పబడుటయు, రేవులకు పోవు దారులు మూతపడుటయు వివాదములైనవి. 1994, 1995 సంవత్సరములలో తెల్లమచ్చల తెగులు చెరువులను ఖాళీ చేసినది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల పరిశ్రమపై కఠినమైన తీర్పు నిచ్చినది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టము వచ్చినది. 2009 తరువాత వనామీ రొయ్య వచ్చి చెరువులను మరల నింపినది. 2025లో అమెరికా విధించిన సుంకముల వార్త వెలువడగనే భీమవరము గట్లపై ధరలు వణికినవి. సముద్రపు దయ స్థానమున ‘కౌంటు’ వచ్చినది: కిలోకు ఎన్ని రొయ్యలు తూగునో ఆ సంఖ్యయే బ్రతుకు. చెమ్మీన్ తీరమున కడలమ్మ కోపమునకు భయపడిన మనిషి, ఇచ్చట రాత్రివేళ ఏరియేటరు ఆగిపోవునేమోయని భయపడుచున్నాడు. ఈ భయమునకు తగిన భాష సాహిత్యమున ఇంకను కుదురుకొనలేదు.

సాగు అంతయు నష్టకథయే యనుట సత్యము కాదు. ఉత్తర కేరళమున కాసరగోడు జిల్లా పడన్న ప్రాంతమున 1990ల చివర స్త్రీ సంఘములు కల్లుమ్మక్కాయ యను ఆలుచిప్పను ఉప్పుటేటిలో పెంచనారంభించినవి. తీరపు బండలనుండి తెచ్చిన పిల్లచిప్పలను నూలు వలగుడ్డతో త్రాటిచుట్టు చుట్టి, వెదురు గుంజల పందిరినుండి నీటిలోనికి వ్రేలాడదీయుదురు. చిప్పలు త్రాటికి పట్టుకొనులోగా గుడ్డ తానే చీకిపోవును. వర్షములు పడి ఏటినీరు తియ్యనగుటకు ముందే పంట తీయవలెను; వాన తొందరపడినచో చిప్పలు చచ్చును, బ్యాంకు ఋణము మాత్రము బ్రతికియుండును. చక్కి తలపై గంప మోసి తూర్పు ఊళ్ళకు చేపలమ్మిన స్త్రీ. ఈ స్త్రీలు గుంజలకు, త్రాళ్ళకు తామే యజమానులు. నీటిపై హక్కు మాత్రము ఇంకను ఎవరిదో తేలని ప్రశ్న. ఒడ్డున నిలిచి శీలముతో భర్తను కాపాడు ఇల్లాలినుండి, నీటిలో దిగి త్రాడు కట్టు స్త్రీ వరకు గల దూరమే ఈ తీరపు అరువదియేండ్ల చరిత్ర. ఆ దూరమును నడిచిన పాత్ర నవలలోనికి రావలసియున్నది.

తెలుగులో ఈ దిశగా జరిగిన మేలైన ప్రయత్నములలో అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ ఒకటి. కొల్లేరు మంచినీటి సరస్సు. 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సార్ పట్టికకెక్కి, 2006లో గట్లు తెగగొట్టబడిన చెరువులతో వార్తలకెక్కినది. ఆ సరస్సుతో పెనవేసికొన్న పల్లెల బ్రతుకును, దాని క్షయమును ఈ నవల చెప్పును. స్మృతి దాని బలము. ఊరి మాట, ఊరి తిండి, నీటి రంగు అందులో చెడకుండ నిలిచినవి. స్మృతికి ఒక పరిమితియు కలదు. పోయినదాని అందమును అది చెప్పినంత చక్కగా, వచ్చినదాని తర్కమును చెప్పలేదు. చెరువు త్రవ్వినవాడు ఎందుకు త్రవ్వినాడు, లీజుకిచ్చినవాడు ఏమి లెక్క వేసికొన్నాడు, కాపలాకు కుదిరిన జాలరి మనసులో ఏమున్నది - ఈ ప్రశ్నలు మరియొక నవలను కోరుచున్నవి.

సముద్రపు వైపున తెలుగు రచయితకు ఎదురుచూచు వస్తువు మరింత విస్తారము. శ్రీకాకుళపు తీరమున పెద్ద బోట్లకు తగిన రేవులు కొరవడి యువకులు గుజరాతులోని వేరావల్‌కు వలసపోయినారు. వారిలో కొందరు 2018 నవంబరులో పాకిస్తాను చేత పట్టుబడి, 2020 జనవరిలో విడుదలైనారు. ఆ సంఘటన ఆధారముగా 2025లో ‘తండేల్’ చిత్రము వచ్చినది. అందు ప్రేమకును, చెరకును దొరికిన తావు వలసకు మూలమైన కారణమునకు దొరకలేదు. చెమ్మీన్ చూపిన దారిలో సులభమైన సగమునే చిత్రములు ఇంకను నడుచుచున్నవి. 2022 జనవరిలో విశాఖ తీరమున రింగువలల విషయమై జాలరి పేటల మధ్య కలహము చెలరేగినది. ఇందు ప్రతినాయకుడెవ్వడు? ఇరుపక్షములును జాలరులే, ఇరుపక్షములకును ఋణములు కలవు, ఇరుపక్షములకును సముద్రము ఒక్కటే. ఏప్రిలు 15 మొదలు జూన్ 14 వరకు తూర్పు తీరమున వేట నిషేధమున్న అరువదియొక్క దినములలో ఒక యింటి పొయ్యి ఎట్లు వెలుగునో వ్రాయుటకు కల్పనకంటె విచారణ ఎక్కువ కావలెను.

తీరవాసులు మార్పునకు బలియైనవారు మాత్రమే కారు. వారు దానిని బేరమాడినారు, ఎదిరించినారు, అనుసరించినారు, కొన్నిచోట్ల తామే ఆరంభించినారు. తెప్పకు మోటారు కట్టిన మనిషిని, త్రాటికి చిప్ప కట్టిన స్త్రీని అమాయకులుగా చిత్రించు జాలిరచన వారికి చేయునది మేలు కాదు. వారి నిర్ణయములకు గల హేతువును అది అపహరించును. ఋణమును, వాటాను, వల కన్నును, నీటి ఉప్పును ఎరిగిన రచన కడలమ్మను కాదననక్కరలేదు. ఆమెకు మ్రొక్కియే పడవ త్రోయు జాలరి, ఆ పడవపై ఎవరికెంత బాకీయున్నదో మరువడు. ఆ రెండును కలిసిన మనిషిని యథాతథముగా పట్టుకొనుట నవలకు మిగిలిన పని.