శ్రమ విజయము: దేవీప్రసాద్ రాయ్ చౌధురి బహిరంగ శిల్పములు

దేవాలయములోని విగ్రహము కడకు మనమే పోవుదుము; వీధిలోని విగ్రహము మన దారికి తానే వచ్చును. మొదటిదానికి భక్తుడు ముందే సిద్ధముగా నున్నాడు. రెండవదానికి చూపరిని సంపాదించుకొనవలసిన భారము శిల్పిదే. ఈ భారమును దేవీప్రసాద్ రాయ్ చౌధురిగారు ఎట్లు వహించిరో, ఎచ్చట తడబడిరో పరిశీలించుట యీ వ్యాసమున కుద్దేశము.

వీరు 1899లో, నేడు బంగ్లాదేశమున నున్న రంగపూరు ప్రాంతమున జన్మించిరి. చిత్రలేఖనమున అవనీంద్రనాథ ఠాకూరుగారికి, శిల్పమున హిరణ్మయ రాయ్ చౌధురిగారికి శిష్యులు. 1929లో చెన్నపురి ప్రభుత్వ చిత్రకళాశాలకు అధ్యక్షులై, మూడు దశాబ్దుల కాలము దానిని నడపిరి. ఆ పదవి నందుకొన్న తొలి భారతీయులు వీరే. 1953 వఱకు కోస్తా, రాయలసీమ జిల్లాలకు చెన్నపురియే రాజధాని యగుటచే తెలుగు యువకులును ఆ కళాశాలలో చేరిరి. అంట్యాకుల పైడిరాజుగారు వారిలో నొకరు. 1954లో స్థాపితమైన లలితకళా అకాడమీకి తొలి అధ్యక్షులును రాయ్ చౌధురిగారే.

ఆంగ్లేయ ప్రభుత్వ కాలమున అధికారుల ప్రతిమలను మలచిన చేయియే పిదప స్వాతంత్ర్య వీరులను మలచినదని కొందఱు ఆక్షేపింపవచ్చును. ఆ యాక్షేపణను మేము తోసివేయము. కాని ఏకవ్యక్తి ప్రతిమనుండి సమూహ శిల్పమునకు సాగిన మార్పునందే వీరి కళాజీవితపు అర్థము గలదని మా యభిప్రాయము.

పాట్నాలోని అమరవీరుల స్మారకమును గ్రహింతము. 1942 ఆగస్టు 11న సచివాలయముపై జాతీయపతాక నెగురవేయబోయి, తుపాకి గుండ్లకు ఏడుగురు విద్యార్థులు బలియైరి. వారి కంచు ప్రతిమలను 1956లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ఆవిష్కరించిరి. ఇందొకడు పతాకతో ముందునకు సాగుచుండగా, కొందఱు ఒరగుచున్నారు, కొందఱు నేలవ్రాలిరి. అమరావతీ ఫలకములలో ఒకే వ్యక్తిని వేర్వేరు క్షణములందు పలుమార్లు చూపుట కలదు. ఇచట వ్యక్తులు వేఱు, క్రియ యొక్కటి. ఏడు దేహములలో నొక్క సాహసము మొదలై, సడలి, మరల లేచుచున్నట్లు కన్పట్టును. పూర్వశిల్పుల ప్రభావ మిందున్నదని మేము చెప్పుట లేదు. పోలిక మాత్రము చింతనీయము.

చెన్నపురి సముద్రతీరమున 1959లో నెలకొల్పిన 'శ్రమ విజయము' ఇంతకన్న ప్రసిద్ధము. నలుగురు శ్రామికులు పెనుబండను కదలించుచున్నారు. 1923లో భారతదేశమున తొలి మే దినోత్సవము జరిగినది ఆ నగరముననే యగుటచే, ఆ స్థలమునకు ఈ శిల్పము తగియున్నది. పేరు విజయమే, కాని చూపబడినది ప్రయత్నము. బండ యింకను తొలగలేదు. ఫలమును చూపక పూనికను మాత్రమే చూపి, దానినే విజయమనుట శిల్పి ధైర్యము. 1950లో గ్రంథరూపమున వెలువడిన శ్రీశ్రీ 'మహాప్రస్థానము'తో శ్రామికుడు తెలుగు కావ్యనాయకుడైనట్లే, ఇచట అతడు రాజపురుషుల వలె పీఠమెక్కెను.

అయినను లోపములు చెప్పకతప్పదు. ఆ కండల పొంకము పాశ్చాత్య శిల్పసంప్రదాయము నేర్పినది. అర్ధాకలితో రాళ్లు మోయు మన కూలివాని దేహ మట్లుండదు. శ్రమను గౌరవించుటలో శిల్పి శ్రమ చేసిన గాయమును దాచెను. అంతకన్న ముఖ్యము, ఆ నలుగురిలో స్త్రీ లేదు. మన్ను, రాయి మోసిన స్త్రీలను ఈ దేశమున ఏ రహదారి కడనైనను చూడవచ్చును. శ్రమకు స్మారకము నిలిపినపుడు వారిని మఱచుట చిన్న పొరపాటు కాదు.

ఢిల్లీలోని 'గ్యారహ్ మూర్తి' వీరి కడపటి మహాప్రయత్నము. గాంధీమహాత్ముని వెంట పదిమంది నడచు ఈ శిల్పము, 1975లో శిల్పి మరణించిన పిమ్మటనే ప్రతిష్ఠింపబడినది. ఇందు స్త్రీలును నడచుచున్నారు. 2016 నవంబరులో రద్దయిన పాత ఐదువందల రూపాయల నోటు వెనుక నున్న చిత్రమిదియే. శిల్పి పేరెఱుగని కోట్లమంది చేతులలో ఆ శిల్పము మెలగినది.

ఏడుగురు, నలుగురు, పదునొకండ్రు. ఈ మూడు రచనలలోను ఒక్కని కీర్తికన్న పలువురి కదలికయే ప్రధానము. రూపవిధానమున రాయ్ చౌధురిగారు పాతబాటను వీడలేదు. వారి శిష్యులు కె. సి. ఎస్. పణిక్కర్ గారు వేఱు త్రోవ తొక్కిరి. కాని పీఠముపై ఎవరు నిలువదగుదురను ప్రశ్నకు గురువు చెప్పిన సమాధానము నేటికిని పాతబడలేదు. శిల్పమును రూపముచేతనే తూచువారు ఈ ప్రశ్నను విస్మరింపరాదని పరిశోధకులకు మనవి.