సున్నియుండ

పాకము పట్టనక్కరలేని పిండివంటలలో అగ్రగణ్యమేదియని యడిగినచో నేను సంకోచింపక సున్నియుండనే చెప్పుదును. తీగపాకము, ఉండపాకము అను పరీక్షలిందు లేవు. నేర్పంతయు మినుములను వేయించుటయందే యున్నది. మినుములను గుప్పెడు బియ్యముతోఁ గూడ ఇనుప మూకుడులో సన్నని సెగపై, కమ్మని వాసన యిల్లంతయు వ్యాపించువఱకు గరిటె యాపక వేయించి, చల్లార్చి, తిరుగట విసరి, ఆ సున్నిలో బెల్లపుఁ దురుము కలిపి రోట దంచి, కాఁచిన నేతిని కొంచెము కొంచెముగాఁ బోయుచు పిడికిట నొత్తి యుండగట్టు గృహిణి హస్తలాఘవము మిక్కిలి శ్లాఘనీయము. నేయి చాలనిచో ఉండ విడిపోవును. మించినచోఁ జదునై కూలఁబడును. మరపట్టిన మెత్తని పిండి యంగిటి కంటుకొనును గావున తిరుగటి బరకయే మేలు. చక్కెర వేయువారును గలరు. వారితో నాకు వాదము లేదు గాని, వారి యుండ నాకక్కఱలేదు. సమర్తాడిన బాలికకు దీనిని పెట్టుట మన యిండ్లలోఁ జిరకాలాచారము. ఆ వంకతో తమ్ములును డబ్బా ఖాళీ చేయుదురు.