ఫ్యూజు జేబులో వేసుకుని

ఫిబ్రవరి వచ్చేసరికి ప్రత్తిపాడు, చిలకలూరిపేట, మార్టూరు, పర్చూరు వైపు నల్లరేగడి పొలాల్లో మిరప కల్లాలు లేస్తాయి. పగలంతా ఎండిన కాయను పొద్దుగూకే వేళకు కుప్ప చేసి, మంచు పడకుండా పట్టా కప్పి, ఎవరో ఒకరు అక్కడే మంచం వేసుకుంటారు. ఏడాది కష్టమంతా ఆ కుప్పలోనే ఉంటుంది కనుక కాపలా తప్పదు, కాపలాకు దీపం తప్పదు. 2015 జనవరిలో వీధి దీపాల జాతీయ పథకం మొదలై ఊళ్లు ఎల్‌ఈడీలకు మారుతూ వచ్చాక, స్తంభాల మీంచి దించిన పాత సోడియం సెట్లు కొన్ని చేతులు మారి కల్లాల దగ్గర పాతిన వాసాల మీదకు చేరాయి. ఒక నడిరాత్రి ఆ దీపం ఆరిపోతుంది. అప్పుడు ఫోను వస్తుంది.

వైరింగు పని నేర్చిన నాటి నుంచి నేను ఇష్టంగా చేసే పనుల్లో ఈ సెట్టు మరమ్మతు ఒకటి. డబ్బాలో ఉండేవి మూడే వస్తువులు: చోక్, ఇగ్నిటర్, కెపాసిటర్. పైన బల్బు. మూడింటిలో ఏది పోయిందో విప్పకముందే చాలావరకు చెప్పొచ్చు. అంత నిజాయితీగా తన జబ్బు చెప్పుకునే సామాను మరొకటి చూడలేదు.

చలి దేశాల్లో మొక్కలు పెంచడానికి వాడేదీ ఈ సెట్టే. నెదర్లాండ్స్ గాజు ఇళ్లలో టమాటా, గులాబీ వరసల మీద ఏళ్ల తరబడి వేలాడినవి సోడియం దీపాలే. మనకు ఎండ ఎక్కువై మిరప నారు మీద షేడ్‌నెట్ కప్పుకుంటాం కాబట్టి అలాంటి దీపాలతో అవసరం పడదు. అరటి టిష్యూ కల్చర్ గదుల సంగతి వేరు. అక్కడ అరల మీద సీసాల్లోని పిలకలకు రోజుకు 16 గంటల వెలుగు ఇస్తారు. ట్యూబులతో నడిచే గదుల్లో చోక్‌ల వేడి లోపల చేరకుండా వాటిని గది బయట బిగించేవారు. ఇక న్యూజెర్సీలో, మిషిగన్‌లో చలికాలం కరివేపాకు మొక్కను బతికించుకోవడానికి ఇంట్లో దీపం పెట్టుకునే మన పిల్లలు చాలామందే ఉన్నారు. పేరూ ఓల్టేజీ మారినా, డబ్బా మూత తీసేవాడికి ఎదురయ్యే ప్రమాదం అదే.

చోక్ పని సాగర్ కుడి కాలువ కింద రైతుకు ఒక్క మాటలో అర్థమవుతుంది: అది తూము. సోడియం దీపంలో వెలిగేది తీగ కాదు, వేడెక్కిన ఆవిరి. ఒకసారి వెలిగిందంటే దానికి కరెంటు ఎంత ఇస్తే అంతా లాగుతుంది, లాగేకొద్దీ ఇంకా లాగుతుంది. ఇనుప రేకుల మీద రాగి తీగ చుట్టిన చోక్ అడ్డుగా ఉండి, బల్బు వాట్లకు ఎంత కావాలో అంతే వదులుతుంది. అందుకే 150 వాట్ల చోక్ మీద 250 వాట్ల బల్బు పెట్టకూడదు, 250 చోక్ మీద 150 బల్బు అసలే పెట్టకూడదు.

పనికంటే ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది. ఈ వ్యాసం దానికోసమే.

కల్లం దీపానికి తీగ ఎక్కువగా బోరు మోటారు స్టార్టరు దగ్గరి నుంచే వస్తుంది. వ్యవసాయానికి త్రీఫేజు కొన్ని వేళల్లోనే ఇస్తారు. అందుకని దీపం బాగుచేయడానికి వెళ్లిన ప్రతిచోటా నాకు ఎదురయ్యే మాట ఇదే: "ఇప్పుడు కరెంటు లేదులే బాబాయ్, ఎక్కెయ్." చెప్పేవాడు మంచివాడే, నా మేలు కోరే చెబుతాడు. కానీ కరెంటు లేకపోవడం వేరు, కరెంటు రాకపోవడం వేరు. సబ్‌స్టేషనులో ఆపరేటరుకు ఈ వాసం మీద నేనున్నానని తెలియదు. పైగా కొన్ని ఫీడర్లలో త్రీఫేజు ఆగినా ఒక తీగలో సింగిల్ ఫేజు మిగిలే ఉంటుంది. మోటారుకు ఆటో స్టార్టరు పెట్టి ఉంటే కరెంటు రాగానే దానంతట అదే ఎక్కుతుంది. ఆ క్షణంలో స్టార్టరు డబ్బాలో చెయ్యి ఉన్నవాడు ఏమవుతాడో మన ఊళ్లకు తెలుసు. అలా పోయిన మనుషుల ఇళ్లు మన చుట్టుపక్కలే ఉన్నాయి.

చిలకలూరిపేటలో నాకు పని నేర్పిన మేస్త్రి చదువుకున్నవాడు కాదు. బోర్డు దగ్గరికి రాగానే మెయిన్ దించేవాడు, ఫ్యూజు క్యారియర్లు పీకి చొక్కా జేబులో వేసుకునేవాడు. ఒక్కటి కాదు, బోర్డులో ఉన్నవన్నీ. "ఒరేయ్ అబ్బాయ్, ఇది నా జేబులో ఉన్నంతసేపూ ఆ తీగ నాది" అనేవాడు. కరెంటు శాఖలో లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు ఎల్‌సీ తీసుకుంటాడు. లైన్ క్లియర్ తీసుకున్న మనిషే తిరిగి ఇచ్చేదాకా ఆ లైను ఛార్జి చేయరు. అంత పెద్ద వ్యవస్థ పాటించే నియమాన్ని మా మేస్త్రి జేబులో పెట్టుకు తిరిగేవాడు. ఇవాళ ఫ్యూజుల బదులు ఎంసీబీలు వచ్చాయి. జేబులో పడవు. అప్పుడు దాన్ని దించి, టేపు చుట్టి, బోర్డు దగ్గర ఒక మనిషిని నిలబెట్టాలి. దూరంగా ఉన్న పిల్లవాడు వచ్చి "లైటు ఎందుకు ఆగింది" అని ఎత్తేయడం నేను కళ్లారా చూశాను.

దించగానే పని అయిపోదు. కరెంటు లేదని రుజువు చూసుకోవాలి. చాలామంది చేతిలో ఉండే నియాన్ టెస్టరు ఎండలో వెలిగినా కనబడదు, పొడి చెక్క మీద నిలబడితే సరిగా వెలగదు. అది వెలగకపోవడం కరెంటు లేదనడానికి సాక్ష్యం కాదు. రెండు తీగల టెస్ట్ ల్యాంపు గానీ మల్టీమీటరు గానీ కావాలి. దాన్ని ముందు కరెంటు ఉన్నచోట పెట్టి పనిచేస్తోందని చూసుకుని, తర్వాత మన తీగ మీద పెట్టి, మళ్లీ ఉన్నచోట పెట్టి చూడాలి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, ఫేజుకూ ఎర్తుకూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య మూడుసార్లు చూడాలి. పొలం వైరింగులో స్విచ్ న్యూట్రల్ మీద పడి ఉండటం అరుదేమీ కాదు. అలాంటి చోట స్విచ్ ఆపితే దీపం ఆరుతుంది, డబ్బాలో మాత్రం ఫేజు అలాగే కూర్చుని ఉంటుంది.

ఇంత చేశాకా డబ్బాలో కరెంటు మిగిలి ఉండొచ్చు, కెపాసిటరులో. 230 ఓల్టుల సరఫరా శిఖరం 325 ఓల్టుల దాకా పోతుంది. ఆపిన క్షణాన్ని బట్టి అంతవరకూ కెపాసిటరు దాచుకోగలదు. దాని మీద డిశ్చార్జి రెసిస్టరు ఉంటుంది, ఒకటి రెండు నిమిషాల్లో ఖాళీ చేస్తుంది. పాత సామానులో ఆ రెసిస్టరే తెగిపోయి ఉంటే ఆ దాచుకున్నది అలాగే ఉంటుంది. అందుకే ఐదు నిమిషాలు ఆగి, మీటరు డీసీలో పెట్టి చూసి, ఇంకా ఉంటే మామూలు బల్బు తీగలు రెండు కొసలకూ ఆనించి ఖాళీ చేయాలి. స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి టప్పుమనిపించడం ధైర్యం కాదు. మెరుపు కంట్లో పడుతుంది, కెపాసిటరు పగలనూ వచ్చు. ఉబ్బినా, నూనె కారినా తీసి పారేయాల్సిందే. అమెరికాలో 1979లో నిషేధించకముందు చేసిన కెపాసిటర్లలో, బ్యాలస్టుల్లో పీసీబీ అనే విష రసాయనం వాడేవారు. అక్కడ పాత సామాను కొని మొక్కలకు పెట్టుకునేవాళ్లు ఆ జిడ్డును చేత్తో తాకకూడదు.

ఇప్పుడు జబ్బు చూద్దాం. దీపం వెలిగి, కాసేపటికి ఆరి, చల్లారాక మళ్లీ వెలిగి, మళ్లీ ఆరుతోందంటే ఎక్కువ పాళ్లు బల్బు ముసలిదైనట్టే. వయసు పెరిగేకొద్దీ సోడియం బల్బు అడిగే ఓల్టేజీ పెరుగుతుంది. చోక్ ఇవ్వగలిగినంత దాటిపోగానే ఆరిపోతుంది. ఇలాంటప్పుడు చోక్ మార్చి డబ్బు పోగొట్టుకున్న రైతులు ఎందరో. ఇగ్నిటరు టకటకమంటూ దీపం అంటుకోకపోతే ముందు అదే వాటేజి మంచి బల్బు పెట్టి చూడండి. అదీ అంటుకోకపోతే హోల్డరు, తీగ కలిపినచోట్లు. మిరప ధూళి రాత్రి మంచు పీల్చుకుని హోల్డరు లోపల నల్లగా దారి వేసి ఉంటుంది. చడీచప్పుడూ లేకపోతే సరఫరా, ఫ్యూజు, ఆ తర్వాత చోక్, ఇగ్నిటరు. దీపం మామూలుకంటే మండిపోయేంత వెలిగి ఆరి, కాలిన వార్నిషు వాసన వేస్తే చోక్‌లో చుట్లు కలిసిపోయినట్టే.

చోక్‌ను ఒక తీగ విప్పి మీటరుతో చూస్తే కొద్ది ఓమ్‌లు చూపాలి. అంతులేనంత చూపితే లోపల తెగింది. తీగకూ ఇనుముకూ మధ్య ఏమీ చూపకూడదు. చూపితే ఆ డబ్బా రేకే షాకు కొడుతుంది. దీన్ని గట్టిగా తేల్చేది ఇన్సులేషను చూసే 500 ఓల్టుల మెగ్గరు. దీపం వైపు మాత్రం కరెంటు ఉండగా మామూలు మీటరు పెట్టొద్దు. దీపాన్ని అంటించడానికి ఇగ్నిటరు వదిలే పల్సు 3,000 నుంచి 5,000 ఓల్టులు ఉంటుంది. మీటరు పోతుంది, పట్టుకున్న చెయ్యి కూడా దాని దారిలోనే ఉంటుంది. మార్చేటప్పుడు చోక్, ఇగ్నిటరు, బల్బు ఒకే రకానివి, ఒకే వాట్లవి వేయాలి. ఆపిన దీపం వెంటనే వెలగకపోతే కంగారు పడనక్కర్లేదు. సోడియానికి ఒకటి రెండు నిమిషాలు, మెటల్ హాలైడ్‌కు పది పదిహేను నిమిషాలు చల్లారే సమయం ఇవ్వాలి.

ఎల్‌ఈడీ వచ్చాక ఈ గొడవ లేదనుకునేవాళ్లు దాని డ్రైవరును చూడాలి. చోక్ వారసుడు అదే. లోపలి పెద్ద కెపాసిటరులో 300 ఓల్టులు దాటిన డీసీ ఉంటుంది. ఆపాక కూడా కాసేపు ఉంటుంది. అది విప్పకుండా మార్చాల్సిన వస్తువు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది దీపం డబ్బా కాదు, ట్రాన్స్‌ఫార్మరు. ఫ్యూజు పోయిందని, ట్రాన్స్‌ఫార్మరుకు లైను తెంచే ఏబీ స్విచ్ తామే దించి పైకెక్కే రైతులు ఇప్పటికీ ఉన్నారు. దాని మూడు బ్లేడ్లలో ఒకటి అతుక్కుపోయి ఊడకపోతే కింద నుంచి కనబడదు. కాయ తడిసినా, మోటారు ఆగినా, ఆ రాత్రి చీకట్లో కాపలా కాయాల్సి వచ్చినా సరే, అది లైన్‌మన్ పని. 1912కు ఫోను చేయండి.

ఈసారి కల్లం వేసే ముందు దీపానికి వెళ్లే తీగ మొదట్లో కరెంటు లీకయితే దానంతట అదే పడిపోయే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించండి, డబ్బా రేకుకు ఎర్తు తీగ కలపండి, అల్యూమినియం నిచ్చెన ఇంటి దగ్గరే ఉంచి వెదురుది వాడండి. బాగుచేయడానికి వచ్చిన కుర్రవాడు ఫ్యూజులు పీకకుండా ఎక్కబోతే, మీ పని ఎంత తొందరదైనా, ఆపి కిందికి దింపండి.