సావరిన్: బొమ్మ, బొరుసు, అంచు

బ్రిటిష్ బంగారు సావరిన్ తూకం 7.988 గ్రాములు. అడ్డకొలత 22 మిల్లీమీటర్లు, మందం ఒకటిన్నర మిల్లీమీటరు, వన్నె 22 క్యారెట్లు. ఇప్పుడు మనం చూసే సావరిన్ 1817లో మొదలైంది. అప్పటి తూకం, అప్పటి వన్నె నేటికీ మారలేదు. ఇంత చిన్న బిళ్ళను పట్టుకుని ఇది అసలుదా, నకిలీదా, ఎంత అరిగింది, ఏ ధరకు తగుతుంది అని తేల్చేవాళ్ళున్నారు. వాళ్ళ పని కాసేపు గమనిస్తే ఒక సంగతి బోధపడుతుంది. టంకశాల ఏ వరసలో నాణేన్ని చేసిందో వాళ్ళు అదే వరసలో దాన్ని చదువుతారు. ముందు లోహం, తర్వాత అచ్చు, తర్వాత దెబ్బ, చివరికి చేతులు మారిన కాలం. ఒక్కో మెట్టూ నాణెం మీద తన గుర్తు వదిలిపోతుంది. నకిలీ చేసేవాడు ఆ మెట్లలో ఏదో ఒకటి దాటేస్తాడు. దొరికిపోయేది అక్కడే.

ముందు లోహం. మేలిమి బంగారం మెత్తన. జేబులోనూ గల్లాపెట్టెలోనూ తిరిగే నాణేనికి ఆ మెత్తదనం పనికిరాదు. అందుకని 11 పాళ్ళ బంగారానికి ఒక పాలు రాగి కలిపారు. సావరిన్‌కు ఆ కొద్దిపాటి ఎరుపు రాగి వల్లే వచ్చింది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ టంకశాల తొలినాళ్ళలో రాగి బదులు వెండి కలిపింది కాబట్టి ఆ నాణేలు కాస్త పసుపుగా కనిపిస్తాయి. తూకాన్ని చట్టం చక్కగా బిగించింది. ఇరవై ట్రాయ్ పౌన్ల 22 క్యారెట్ల బంగారంలోంచి సరిగ్గా 934 సావరిన్లూ ఒక అర్ధసావరినూ రావాలి. అరుగుదలకూ హద్దు పెట్టింది. తూకం 7.938 గ్రాములకు దిగితే ఆ నాణెం చెల్లదు. అంటే ఒక సావరిన్ తన చెల్లుబాటు కాలమంతటిలో పోగొట్టుకోదగ్గ బంగారం 50 మిల్లీగ్రాములే.

ఈ కొలతలను నమ్ముకుని పుట్టిన ఒక పాత పనిముట్టు ఉంది. ఇత్తడితో చేసిన చిన్న ఊయల త్రాసు. ఒక చివర బరువు, మరో చివర సావరిన్ పట్టేంత గుండ్రటి గుంట, ఆ గుంటలోనే సన్నని చీలిక. నాణెం గుంటలో సరిగ్గా కూర్చుంటే అడ్డకొలత సరి. చీలికలోంచి జారితే మందం సరి. ఊయల దానివైపు వాలితే తూకం సరి. అంగడిలో కూర్చున్నవాడు రెండు క్షణాల్లో మూడు పరీక్షలు చేసేసేవాడు. దీని తెలివంతా ఆ మూడింటినీ ఒకేసారి అడగడంలో ఉంది. బంగారం కన్నా తేలికైన లోహంతో నకిలీ చేసినవాడు కొలతలు నిలబెట్టుకుంటే తూకం తగ్గుతుంది, తూకం నిలబెట్టుకుంటే బిళ్ళ లావెక్కుతుంది. రెండు దారులూ మూసుకున్నట్టే.

ఇదే సూత్రాన్ని నేటి పరీక్షకులు నీళ్ళతో నడుపుతారు. నాణేన్ని మామూలుగా ఒకసారి, దారానికి కట్టి నీళ్ళలో మునిగేలా వేలాడదీసి ఇంకోసారి తూస్తారు. నీళ్ళలో తగ్గిన బరువుతో మొదటి బరువును భాగిస్తే సాంద్రత వస్తుంది. సరైన సావరిన్ నీళ్ళలో 0.456 గ్రాముల దాకా తగ్గి, 17.5 దగ్గర లెక్క తేలుతుంది. మన కంసాలి గీటురాయి కూడా వన్నె చెబుతుంది గాని, గీసిన ప్రతిసారీ కాస్త బంగారం రాయికి అంటుకుపోతుంది. సేకరణకు పెట్టుకున్న నాణేనికి అది గాయమే. నీళ్ళ పరీక్షలో నాణేనికి ఏ నష్టమూ లేదు.

ఇక అచ్చు. బొరుసు వైపు గుర్రం మీది సెయింట్ జార్జి డ్రాగన్‌ను చంపుతుంటాడు. దాన్ని చెక్కినవాడు బెనెడెట్టో పిస్ట్రుచ్చి, 1783లో రోములో పుట్టి, గట్టి రాళ్ళ మీద బొమ్మలు చెక్కడంలో చేయి తిరిగినవాడు. నాణేల చెక్కుడులో మెలకువ లోతులో ఉంటుంది. అచ్చులో ఎంత లోతు తవ్వితే నాణెం మీద బొమ్మ అంత ఎత్తు లేస్తుంది. మరీ లోతైతే ఒక్క దెబ్బకు లోహం ఆ గుంట నిండా ఎక్కదు. పిస్ట్రుచ్చి ఎత్తైన భాగాలను గుర్రం భుజం, జార్జి తొడ, శిరస్త్రాణం దగ్గర ఉంచి, వెనక్కి ఎగిరే పైవస్త్రాన్నీ డ్రాగన్ రెక్కనూ పల్చగా పరిచాడు. గుండ్రంలో ఖాళీ మూల లేదు, ఇరుకూ లేదు. 1817లో జార్జి చేతిలో విరిగిన బల్లెం ఉండేది, చుట్టూ అక్షరాల పట్టీ ఉండేది. 1821 నాటికి పట్టీ పోయింది, బల్లెం బదులు కత్తి వచ్చింది, బొమ్మకు పూర్తి జాగా దొరికింది. కింద తేదీ పక్కన చూస్తే బి.పి. అనే రెండు పొడి అక్షరాలు కనబడతాయి. అవి చెక్కినవాడి సంతకం.

మూడోది దెబ్బ. వేడిచేసి మెత్తబరచిన బిళ్ళను ఉక్కు పట్టీలో కూర్చోబెడతారు. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు. మాథ్యూ బౌల్టన్ ఆవిరి యంత్రాలు లండన్ టవర్ హిల్ టంకశాలకు చేరాక ఈ పనికి వేగం, సమానత వచ్చాయి. దెబ్బ పడగానే లోహం పక్కలకు పరుగెత్తి పట్టీకి కొట్టుకుంటుంది. పట్టీ లోపలి గాళ్ళే అంచు మీది నిలువు గీట్లవుతాయి. బొమ్మ, బొరుసు, అంచు ఒక్క దెబ్బకే పుడతాయన్నమాట. గీట్లు అందం కోసం పెట్టినవి కావు. పాతకాలపు చేత్తో కొట్టిన వెండి నాణేల అంచులను జనం కత్తిరించి దాచుకునేవాళ్ళు. ఆ బెడద ముదిరే 1696లో ఇంగ్లండు ఆ పాత వెండి నాణేలను తిరిగి పోయాల్సి వచ్చింది. ఆ ఏడే టంకశాలలో వార్డెన్‌గా చేరిన ఐజాక్ న్యూటన్ ఆ పనిని దగ్గరుండి నడిపించాడు. అంచు నిండా గీట్లుంటే ఒక్క చోట గీకినా ఇట్టే తెలిసిపోతుంది.

దెబ్బ ఇంకో గుర్తు కూడా వదులుతుంది. లోహం పరుగెత్తిన దారులు కంటికి ఆననంత సన్నని గీతలుగా మిగులుతాయి. కొత్త నాణేన్ని ఒకే దీపం కింద మెల్లగా తిప్పితే ఆ గీతల మీద వెలుగు బండిచక్రపు ఆకుల్లా గుండ్రంగా తిరుగుతుంది. నాణెం దర్జాను తేల్చడంలో దీన్ని మించిన సాక్ష్యం లేదు. జార్జి తొడ నునుపుగా కనిపించిందనుకోండి. అది అరుగుదలా, లేక లోహం అచ్చులోకి పూర్తిగా ఎక్కకపోవడమా? మెరుపు ఆ నునుపు మీదుగా తెగకుండా సాగితే దెబ్బ చాలలేదని అర్థం. అక్కడికి రాగానే చచ్చి, రంగు మందగిస్తే అది అరుగుదల.

బ్రిటిష్ సేకర్తలు అరుగుదలను ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, అన్‌సర్క్యులేటెడ్ అని మెట్లు కట్టారు. ఫైన్ మెట్టులో బొమ్మ వైపు ఉండే పాలకుడి తల మీది జుట్టు పాయలు కలిసిపోయి, గుర్రం భుజం చదునవుతుంది. ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్‌లో ఎత్తైన చోట్ల మాత్రమే మెరుపు తగ్గుతుంది. అమెరికాలో విలియం షెల్డన్ 1949లో రాగి సెంట్ల కోసం వేసిన 1 నుంచి 70 దాకా అంకెల కొలతను ఇప్పుడు సావరిన్లకూ వాడుతున్నారు. 1980ల్లో మొదలైన పీసీజీఎస్, ఎన్‌జీసీ సంస్థలు నాణేన్ని పరీక్షించి, అంకె వేసి, ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇస్తాయి. సంచుల్లో ఒకదానికొకటి తగిలి పడ్డ నొక్కులను ఈ లెక్కలో అరుగుదల కింద చూడరు. అన్‌సర్క్యులేటెడ్ నాణేనికీ అవి ఉండవచ్చు, అంకె మాత్రం తగ్గుతుంది.

బ్రిటిష్ వెండి నాణేల్లోనైతే సంవత్సరమే సగం చెబుతుంది. 1920కి ముందు నూటికి 92.5 పాళ్ళ వెండి. ఆ ఏడు నుంచి 50 పాళ్ళు. 1947 నుంచి మామూలు చెలామణీ నాణేల్లో వెండే లేదు, రాగి, నికెల్ మాత్రమే. పాత వెండి మీద ఏళ్ళ తరబడి పట్టిన నీలం, బూడిద, బంగారు ఛాయల పొరను సేకర్తలు ముట్టరు. తోమితే పోయేది మురికి కాదు, మెరుపును మోసే ఆ సన్నని గీతలే.

అన్నిటికన్నా గట్టి నకిలీలు అసలు బంగారంతో చేసినవి. నాణేనికి బంగారం ధర మీద అదనపు విలువ పలికే రోజుల్లో, 1950, 60ల్లో బీరూట్ వంటి చోట్ల సరైన తూకంతో, సరైన వన్నెతో కొట్టారు. బ్రిటన్ టంకశాల రాయల్ మింట్ 1957లో మళ్ళీ సావరిన్లు కొట్టడానికి ఈ నకిలీలు కూడా ఒక కారణం. వీటిని త్రాసు పట్టలేదు, భూతద్దం పట్టాలి. నకిలీగాడు అసలు నాణెం నుంచి అచ్చు తీసుకుంటాడు. ఆ నాణెం మీదున్న నొక్కు అచ్చులో బొడిపె అవుతుంది, అచ్చు కొట్టిన ప్రతి నాణెం మీదా మళ్ళీ నొక్కవుతుంది. వేర్వేరు నాణేలకు ఒకే చోట, ఒకే ఆకారంలో నొక్కులు పడటం అసంభవం. పడ్డాయంటే అన్నీ ఒకే దొంగ అచ్చు పిల్లలు. పైకి లేచిన బొడిపెలు, మొద్దుబారిన అక్షరాలు, సబ్బు రాసినట్టున్న చదును కూడా నకిలీకి ఆనవాళ్ళే.

తేదీకి సరిగ్గా పైన, గుర్రం నిలిచిన నేల గీత మధ్యలో నాణెం ఏ టంకశాలదో చెప్పే ఒక బుల్లి అక్షరం కోసం కూడా వెతకాలి. సిడ్నీకి ఎస్, మెల్‌బోర్న్‌కు ఎం, పెర్త్‌కు పి, ఒట్టావాకు సి, ప్రిటోరియాకు ఎస్ఏ. ఏ అక్షరమూ లేకపోతే సాధారణంగా లండన్. 1917 లండన్ సావరిన్ అరుదు, అందుకే దానికి నకిలీలెక్కువ. అదే ఏడు పెర్త్‌లోనో సిడ్నీలోనో కొట్టిన నాణేనికి ఆ అక్షరం చెరిపేసి లండన్‌దిగా అమ్మే మోసమూ ఉంది. అక్కడ నేల గీత మీద గీకుడు ఆనవాలుందేమో చూడటం అందుకే. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బొంబాయి టంకశాల ఐ అక్షరంతో సావరిన్లు కొట్టింది. వాటి మీద 1918 ఒక్కటే తేదీ, అన్నీ కలిపి 13 లక్షలకు కాస్త తక్కువ.

అలాంటి నాణేలు మన ఇళ్ళలోనూ ఉన్నాయి. ఆంధ్రలో కాసు బంగారమంటే 8 గ్రాములు, దాదాపు సావరిన్ తూకమే. కాసులపేరులోకో గొలుసులోకో ఎక్కిన నాణేనికి అంచు మీద టంకం మచ్చ మిగులుతుంది. కొక్కెం తీసేసి నునుపు చేసినా ఆ చోట గీట్లు తిరిగి రావు. సేకర్త ముందు అంచు తిప్పి చూసేది దానికోసమే. ఏ మచ్చా లేని సావరిన్ దొరికితే కుంకుడురసంతో రుద్దవద్దు, చింతపండు పెట్టవద్దు, వేళ్ళతో బొమ్మను ముట్టవద్దు. అంచులు పట్టుకుని, పక్కనుంచి దీపం పడేలా పెట్టి, తేదీ, దాని పైన అక్షరం, మెరుపు, తూకం చూసుకోండి. కరిగిస్తే చేతికొచ్చేది ఏడు గ్రాముల చిల్లర మేలిమి బంగారం. కరిగించకముందు దాని విలువ ఎంతో చెప్పేవి మాత్రం ఈ నాలుగు చూపులే.