సీటులో నాలుగు శాతం, పాఠంలో ఎంత?

బందరులో నాలుగు తరాలుగా కాలేజీ చదువు సాగిన ఇల్లు ఏదైనా ఉంటే, ఆ ఇంటి ట్రంకు పెట్టెలో నాలుగు యూనివర్సిటీల పట్టాలు ఉంటాయి. ముత్తాతది మద్రాసు. తాతది ఆంధ్రా. తండ్రిది నాగార్జున. కూతురిది కృష్ణా. ఊరు మారలేదు. కాలేజీ కూడా మారి ఉండదు. 1843లో బడిగా మొదలైన నోబుల్ కాలేజీయే ఈ నాలుగు యూనివర్సిటీల కిందా నడిచింది. మారిందల్లా పట్టా మీద ముద్ర వేసే ఆఫీసు.

అలాంటి ముస్లిం ఇళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇనగుదురుపేటలో అయినా, గుడివాడలో అయినా, దివిసీమలో అయినా మా ఇళ్లలో చాలావాటికి పట్టా అన్నది మొన్న మొన్న వచ్చిన చుట్టం. వచ్చినచోట అది తరచుగా కృష్ణా యూనివర్సిటీదే. తరచుగా ఆడపిల్లదే. అందుకే ఈ యూనివర్సిటీ గురించి మేము మాట్లాడాలి. మాకేమిచ్చిందో చెప్పాలి. ఏమివ్వలేదో కూడా చెప్పాలి.

ముందు ఇచ్చింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చేదాకా ఈ డెల్టాకు చదువుల రాజధాని మద్రాసు. ఆ తర్వాత మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న వాల్తేరు. 1976లో నాగార్జున యూనివర్సిటీ వచ్చింది. దాన్ని ప్రారంభించింది అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్. ప్రారంభించిన రాష్ట్రపతి ముస్లిమే. కానీ ఆ గేటు దాటి లోపలికి వెళ్లిన ఈ డెల్టా ముస్లిం పిల్లలెందరు? పెద్ద పదవిలో ఒక్క పేరు కనిపిస్తే సరిపోతుందనుకునే లౌకికవాదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. 2008లో కృష్ణా యూనివర్సిటీ వచ్చింది. ఇప్పుడు దాని ప్రాంగణం బందరు శివార్లలోని రుద్రవరంలో ఉంది. అవనిగడ్డలో పొద్దున్నే బస్సెక్కిన పిల్ల చల్లపల్లి మీదుగా వచ్చి, క్లాసులు విని, మగ్రిబ్ వేళకు ఇల్లు చేరొచ్చు. ఆడపిల్లను హాస్టల్లో ఉంచడానికి ఒప్పుకోని ఇంట్లో ఆ బస్సు పాసు విలువ ఏమిటో పట్నంలో కూర్చుని విద్యావిధానాల మీద వ్యాసాలు రాసేవారికి తెలియదు. దూరం తగ్గడం చిన్న సంగతి కాదు.

అయితే దూరం తగ్గితే దగ్గరైనట్టేనా?

మొదటి సంగతి. ఈ యూనివర్సిటీ పేరుతో చదివేవారిలో ఎక్కువమంది దాని ముఖం కూడా చూడరు. వాళ్లు అనుబంధ కాలేజీల్లో ఉంటారు. యూనివర్సిటీ అంటే వాళ్లకు హాల్ టికెట్, పరీక్ష ఫీజు, రిజల్టు. లైబ్రరీ, సెమినారు, సాయంత్రం చెట్టు కింద వాదన, వేరే ఊరివాడితో స్నేహం, ఇవేవీ వాళ్ల చదువులో లేవు. ఇది ముస్లింలకే వచ్చిన కష్టం కాదు. ఎస్సీ పిల్లలదీ, మత్స్యకారుల పిల్లలదీ ఇదే కథ. కాని ఇంట్లో ముందు తరం చదువు లేనివాళ్లకు కాలేజీ ఇవ్వనిది ఇంకెక్కడా దొరకదు. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవారికి ఫీజు చెల్లింపు ఆపేస్తూ 2020 డిసెంబరులో 77వ నంబరు జీ.వో. వచ్చింది. ఆ దెబ్బ ముందుగా తగిలేది సొంత ఊరు దాటి వెళ్లలేని ఆడపిల్లకే. గుడివాడలో డిగ్రీ అయిన పిల్లను 'ఇక చాలు' అనడానికి ఇంట్లోవాళ్లకు ఒక ప్రభుత్వ కాగితం దొరికింది.

రెండో సంగతి సీటు. 2004లో, మళ్లీ 2005లో ముస్లింలకు ఐదు శాతం రిజర్వేషన్ ఇస్తే హైకోర్టు రెండుసార్లూ కొట్టేసింది. 2007లో వెనకబడిన ముస్లిం తెగలకు బి.సి.-ఇ పేరుతో నాలుగు శాతం ఇస్తూ చట్టం వచ్చింది. 2010 ఫిబ్రవరిలో దాన్నీ హైకోర్టు కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి నిలబెట్టింది. ఆ మధ్యంతర ఉత్తర్వు మీద ఒక తరం చదువుకుంది. కాళ్ల కింద నేల ఎప్పుడు కదులుతుందో తెలియకుండా చదవడం ఎలా ఉంటుందో ఆలోచించండి.

దీనికి తోడు వెటకారం. 'మీకేం, రిజర్వేషన్ ఉందిగా' అంటారు. ఎవరికుంది? సయ్యద్, మొఘల్, పఠాన్ పిల్లలకు బి.సి.-ఇ లేదు. షేకులకు, అత్తరు సాయిబులకు, ఫకీర్లకు, ఖురేషీలకు ఉంది. దూదేకుల, నూర్‌బాషాలు అంతకుముందు నుంచే బి.సి.-బిలో ఉన్నారు. ఎమ్మార్వో ఆఫీసులో ఈ ముగ్గురివీ మూడు వేర్వేరు సర్టిఫికెట్లు. తరగతి గదిలో మాత్రం ముగ్గురూ ఒకటే: సాయిబులు. ఇవ్వాల్సి వచ్చినప్పుడు మమ్మల్ని విడదీసి లెక్కపెడతారు. అనుమానించాల్సి వచ్చినప్పుడు కలిపి లెక్కపెడతారు.

సచార్ కమిటీ 2006లో చెప్పిన మాట ఇక్కడ గుర్తు చెయ్యాలి. దేశంలో పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివే ఇరవై ఐదుగురిలో ఒకరు, పీజీ చదివే యాభైమందిలో ఒకరు మాత్రమే ముస్లిం. పైకి వెళ్లేకొద్దీ సగమైపోతున్నాం. నాలుగు శాతం మాకు దానం కాదు. ఈ జారుడుకు వేసిన చిన్న అడ్డుకట్ట.

ఇక అసలు సంగతికి వస్తాను. సీటులో నాలుగు శాతం సరే, పాఠంలో మా వాటా ఎంత?

బందరు అన్న మాటే పారసీది. రేవు అని అర్థం. 1611లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ స్థావరం పెట్టిందని పోటీ పరీక్షలకు చదివే ప్రతి పిల్లవాడికీ కంఠతా వచ్చు. అవనిగడ్డ డీఎస్సీ కోచింగులో అర్ధరాత్రి లేపి అడిగినా చెబుతాడు. ఇంగ్లీషువాడు వచ్చిన ఏడాది తెలుసు. ఎవరి రేవుకు వచ్చాడో అడగండి, తడుముకుంటాడు. అది గోల్కొండ కుతుబ్‌షాహీల రేవు. ఇక్కడి నుంచి ఓడలు ఇరాన్ వైపు వెళ్లేవి. ఇరాన్ నుంచి వచ్చిన వర్తకులు ఇక్కడ స్థిరపడ్డారు. మీర్ జుమ్లా ఓడలు ఈ రేవులోనే ఆగేవి. ఇదంతా పుస్తకాల్లో లేక కాదు. పాఠమై పిల్లల దాకా రాలేదు.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. మేము నవాబుల వారసత్వం అడగడం లేదు. మీర్ జుమ్లా మా తాత కాదు. ఓడకు తాళ్లు లాగినవాడు, గుడ్డ ఉతికినవాడు, అచ్చు వేసినవాడు, దూది ఏకినవాడు మా తాతలు. రాజుల చరిత్రలో వాటా అడిగితే మళ్లీ ఒక రాజుల చరిత్రే వస్తుంది. పనిచేసిన చేతుల చరిత్రలో వాటా అడుగుతున్నాం. అది అడిగితే పక్కనే ఉన్న దళితుడూ, సాలెవాడూ, బెస్తవాడూ మాతో కలిసే వస్తారు.

పెడన సంగతి చూడండి. కలంకారీ అన్న మాట పారసీది, పని ఈ డెల్టాది. నూలు గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. ఇనుప తుక్కు, బెల్లం రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లతో అచ్చు వేస్తే కరక్కాయలోని వగరుతో కలిసి నలుపు తేలుతుంది. పటికతో అచ్చు వేసి ఎర్ర వేరు రంగులో ఉడకబెడితే పటిక తగిలినచోటే ఎరుపు పట్టుకుంటుంది. ఇది రసాయన శాస్త్రం కాక ఇంకేమిటి? బందరు నుంచి ఆటో దూరంలో ఉన్న ఈ ప్రయోగశాలను కెమిస్ట్రీ పిల్లవాడు ఎగ్జిబిషన్ స్టాల్లో కాక క్లాసులో చూడాలి. అప్పుడు యూనివర్సిటీ ఈ ఊరిదవుతుంది.

కూచిపూడి కూడా ఈ జిల్లాదే. దాన్ని డిగ్రీలిచ్చే చదువుగా మార్చుకున్నాం, మంచిదే. ఆ అగ్రహారాన్ని భాగవతులకు ఇచ్చింది గోల్కొండ తానీషా అని సంప్రదాయం చెబుతుంది. ఆ మాట ఒక వాక్యంలో వచ్చి పోతుంది. తురకల రాక మీద పేజీలు, కలిసి బతికినదాని మీద ఒక్క వాక్యం. ఈ నిష్పత్తిని ఏ కోర్టులో సవాలు చెయ్యాలి?

తెలుగు శాఖల పద్ధతి ఇంకోటి. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా' 1998లో వచ్చింది. ఇప్పుడు ముస్లింవాదం అని ఒక శీర్షిక ఉంది. స్త్రీవాదం, దళితవాదం, ముస్లింవాదం అని వరసగా చదివి, లక్షణాలు రాస్తే మార్కులు. మా గాయం ఐదు మార్కుల ప్రశ్న అయింది. తెలుగు కవిత్వం అన్నప్పుడు మేము లేము, వాదాలు అన్నప్పుడే ఉంటాము. ముందు గదిలోకి రానివ్వకుండా వరండాలో కుర్చీ వేసినట్టు.

మా రచయితలతో కూడా ఒక మాట. బాల్యం రాశాం. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'లో (1999) బడి వయసు పిల్లల లోకం నవ్విస్తూ, ఏడిపిస్తూ వచ్చింది. పీర్ల పండగ రాశాం, పేదరికం రాశాం, తలాక్ రాశాం. బురఖా బ్యాగులో పెట్టుకుని ల్యాబ్ కోటు వేసుకునే పిల్లనీ, బురఖాతోనే ల్యాబులో నిలబడే పిల్లనీ ఎంతమందిమి రాశాం? ఇంటర్ తప్పి మెకానిక్ షెడ్డుకో గల్ఫ్‌కో వెళ్లే మగపిల్లల పక్కన, ఎమ్మెస్సీ చదివి 'ఇంత చదువుకు సంబంధం ఎక్కడ తేవాలి' అనిపించుకునే ఆడపిల్ల ఇవాళ్టి మా కథ. జమాత్ పెద్దలు మసీదు మినార్‌కు చందా పోగుచేసినంత ఉత్సాహంగా ఒక పరీక్ష ఫీజుకు పోగుచేస్తున్నారా? ఈ ప్రశ్న బయటివాళ్లు వేస్తే మాకు కోపం వస్తుంది. కనుక మేమే వేసుకోవాలి.

భాష సంగతి సరేసరి. 2021లో రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియమే అన్నారు. 2022లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశారు. 2016లో పెట్టిన అబ్దుల్ హక్ ఉర్దూ యూనివర్సిటీ కర్నూలులో ఉంది. బందరు పిల్లకు అది వాల్తేరు కంటే దగ్గరేమీ కాదు. ఇంట్లో తురకమాట, వీధిలో తెలుగు, పరీక్షలో ఇంగ్లీషు. నూర్‌బాషా పిల్లకైతే ఇంట్లోనూ తెలుగే. అయినా ఆమెకు వినిపించే మెప్పు ఒకటే: 'నీకు తెలుగు ఎంత బాగా వచ్చే!' సొంత ఇంటికి వచ్చినవాడిని దారి బాగా కనుక్కున్నావే అని మెచ్చుకున్నట్టు.

లౌకిక మిత్రులు అడుగుతారు: చదువులోకి మతం ఎందుకు తెస్తారు? మేము తేవడం లేదు. హాజరు పట్టీలో పేరు పిలవగానే అది వచ్చేస్తోంది. మేము తెస్తున్నది ఊరు. బందరు రేవునూ, పెడన అచ్చునూ, దివిసీమ దర్గానూ, 1977 నవంబరు ఉప్పెనలో కులం మతం అడగకుండా కొట్టుకుపోయిన ఊళ్లనూ పాఠంలోకి తెమ్మంటున్నాం. ప్రతి డిగ్రీ విద్యార్థి తన ఊరి మీద ఒక చిన్న పరిశోధన చెయ్యాలనండి. పాత సమాధుల మీది రాతలు చదివించండి. అచ్చువేసే కూలీల రోజు కూలి ఎంతో రాయించండి. ఉప్పెన చూసిన ముసలివాళ్ల మాటలు పోకముందే పట్టుకోమనండి. వీటికి పెద్ద బడ్జెట్లు అక్కర్లేదు.

మద్రాసు నుంచి రుద్రవరం దాకా రావడానికి యూనివర్సిటీకి నూటయాభై ఏళ్లు పట్టింది. రుద్రవరం నుంచి ఇనగుదురుపేటకు ఆటోలో వెళ్లేంత దారి. ఆ దారి అది ఇంకా నడవలేదు. మా పిల్లలు మాత్రం రోజూ నడుస్తున్నారు.